52లోంచి 37 తీస్తే 25: ఈ తప్పు ఎవరి ఖాతాలో?

మూడో తరగతి పిల్లవాడు 52లోంచి 37 తీసి 25 అని రాస్తాడు. ప్రాథమిక బడిలో నాలుగేళ్లు పనిచేసిన ఏ టీచరుకైనా ఈ జవాబు చూడగానే వాడి బుర్రలో ఏం జరిగిందో తెలిసిపోతుంది. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసి 5 వేశాడు. పదుల్లో 5లోంచి 3 తీసి 2 వేశాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలన్నది వాడు సొంతంగా కట్టుకున్న సూత్రం. వాడికి తీసివేత వచ్చు; ఒక పదిని విప్పి పది ఒకట్లు చేసుకోవచ్చన్న సంగతే ఇంకా చేతికి అందలేదు. చీపురు పుల్లల్ని పదేసి కట్టలు కట్టి ముందు పెట్టి, ఒక కట్ట వాడి చేతే విప్పిస్తే పావుగంటలో వ్యవహారం సర్దుకుంటుంది.

ఇదే లెక్క ఓఎంఆర్ పత్రం మీదికి వెళ్లినప్పుడు ఇచ్చిన నాలుగు జవాబుల్లో 25 కూడా ఉంటుంది. ప్రశ్నపత్రం తయారుచేసినవారికి పిల్లల తప్పులు తెలుసు కాబట్టి దాన్ని కావాలనే అక్కడ పెడతారు. పిల్లవాడు దాని పక్కనున్న వలయాన్ని బుద్ధిగా నింపుతాడు. ఎంతమంది ఏ తప్పు చేశారో లెక్క తీయడానికి వీలున్నా, ఆ లెక్క వాడు కూర్చున్న తరగతి గదికి తిరిగి రాదు. తిరిగి వచ్చేది శాతం. బడి శాతం మండల శాతమై, జిల్లా శాతమై, రాష్ట్రం ర్యాంకై, పత్రికలో శీర్షికై, సమీక్షా సమావేశంలో ఒక స్లైడై, చివరికి టీచరు చేతిలో సంజాయిషీ నోటీసుగా దిగుతుంది. ప్రైవేటు బడిలో అయితే ఇంత దూరం కూడా తిరగదు. శనివారం పరీక్ష, సోమవారం ఇన్‌ఛార్జి గదిలో పిలుపు.

హైదరాబాదులో పరీక్షల గురించి ఒక చర్చ, టీచర్ల హక్కుల గురించి ఇంకో చర్చ ఎప్పటినుంచో వేర్వేరుగా నడుస్తున్నాయి. మొదటిదాన్ని మానసిక నిపుణులు, తల్లిదండ్రులు మాట్లాడతారు. రెండోది సంఘాల నాయకులకు, వేతన సవరణ (పీఆర్సీ) లెక్కలకు వదిలేస్తారు. నిజానికి ఈ రెండూ ఒకే తాడుకు రెండు కొసలు. పరీక్ష చెప్పే సంఖ్య నమ్మదగినదా కాదా అన్నది, ఆ సంఖ్య రాసిన మనిషి ఉద్యోగం ఎంత గట్టిదన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇరవైకి ఇరవై

దీనికి దగ్గరి ఉదాహరణ పదో తరగతిలోని అంతర్గత మార్కులు. నిరంతర సమగ్ర మూల్యాంకనం అనే పద్ధతి 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ నుంచి వచ్చింది. ఏడాది చివర ఒక్క పరీక్షతో పిల్లల తలరాత తేల్చకుండా, టీచరు ఏడాది పొడవునా గమనిస్తూ అంచనా వేయాలన్నది దాని ఉద్దేశం. ఆలోచనగా చాలా మంచిది. మన బడుల్లో అది ఏడాది మధ్యలో జరిగే నాలుగు నిర్మాణాత్మక మదింపులు (ఎఫ్ఏలు), రెండు సంగ్రహణాత్మక మదింపులు (ఎస్ఏలు)గా రూపుకట్టింది. ఒక్కో ఎఫ్ఏలో పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 10, రాత పనికి 10, ప్రాజెక్టు పనికి 10, లఘు పరీక్షకు 20. పదో తరగతిలో దీన్ని 20 మార్కులకు కుదించి, 80 మార్కుల వార్షిక పరీక్షకు కలిపారు.

కొన్నేళ్లు గడిచేసరికి ప్రాజెక్టు పని స్టేషనరీ దుకాణంలో దొరికే చార్టు అయింది. రాత పని అంటే గైడు చూసి ఎక్కించిన నోటుబుక్కు. 20కి 20 పడని పిల్లలు చాలా ప్రైవేటు బడుల్లో లేకుండా పోయారు. 2024 నవంబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం ఈ 20 మార్కులను రద్దు చేసి వంద మార్కులకూ పరీక్ష పెడతామని ఉత్తర్వు ఇచ్చింది. విద్యా సంవత్సరం మధ్యలో ఇదేమిటని గోల రావడంతో మరుసటి రోజే ఆ ఏడాదికి వెనక్కి తగ్గింది. ఆ రెండు రోజుల్లో వెలువడిన వ్యాఖ్యల సారాంశం ఒకటే: టీచర్లకు మార్కులు వేసే అధికారమిస్తే దుర్వినియోగం చేస్తున్నారు.

దుర్వినియోగం జరుగుతున్న మాట నిజమే. అయితే ఆ టీచరు కుర్చీలో ఒకసారి కూర్చుని చూడాలి. నియామక పత్రం లేదు. ఫలానా పిల్లవాడికి 13 వేస్తే తండ్రి నేరుగా కరస్పాండెంటు దగ్గరికి వెళతాడు. అంత ఫీజు కట్టేది పదమూడు వేయించుకోవడానికా అని అడుగుతాడు. సాయంత్రానికి టీచరుకు పిలుపు వస్తుంది. వచ్చే జూన్‌లో మళ్లీ తీసుకుంటారో లేదో ఆ పిలుపులో తేలిపోవచ్చు. అలాంటి చోట 13 వేయడానికి నిజాయతీ ఒక్కటే సరిపోదు, ఇంట్లో మరో జీతం కూడా ఉండాలి. టీచరు వేసే మార్కుకు విలువ తెచ్చేది టీచరుకున్న భద్రత. భద్రత తీసేసి, మార్కు విలువ పోయిందని వాపోయి, ఆ లోటు పూడ్చడానికి బయటి పరీక్ష బరువు పెంచడం మనకు పరిపాటి అయిపోయింది.

శ్రామికుడు కాడట

ఈ భద్రత ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు కొంత న్యాయస్థానంలో ఉంది. గోవాలో ఒక ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయిని తనను తొలగించడాన్ని సవాలు చేసిన సుందరంబాళ్ కేసులో, 1988లో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చేసింది. పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం విద్యాసంస్థ పరిశ్రమే కావచ్చు కానీ, అందులో పాఠాలు చెప్పేవారు మాత్రం ‘శ్రామికులు’ కారు. బోధన శారీరక శ్రమ కాదు, నైపుణ్య పని కాదు, సాంకేతిక పని కాదు, గుమస్తా పని అసలే కాదు. అది అంతకన్నా ఉన్నతమైన వృత్తి అన్నది అందులోని తర్కం. ఎంత గౌరవం! అదే బడిలో బస్సు డ్రైవరును అన్యాయంగా తీసేస్తే లేబర్ కోర్టు మెట్లెక్కవచ్చు. ఆఫీసులో ఫీజు రసీదులు రాసే గుమస్తా ఎక్కవచ్చు. గురుబ్రహ్మ గురుర్విష్ణు అని ప్రతి సెప్టెంబరు 5న దండలు వేయించుకునే టీచరుకు మాత్రం ఆ తలుపు మూసి ఉంటుంది. పాత చట్టం స్థానంలో తెచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో పాత్రికేయులను, మందుల ప్రతినిధుల వంటి అమ్మకాల సిబ్బందిని పేరుపెట్టి చేర్చారు. టీచరు పేరు అందులోనూ లేదు.

గ్రాట్యుటీ సంగతి ఇంకా సాగింది. టీచర్లు ‘ఉద్యోగి’ నిర్వచనంలోకి రారని 2004లో సుప్రీంకోర్టు అంది. 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా వాళ్లను చేర్చింది. ప్రైవేటు బడుల యాజమాన్యాలు దానిమీద మళ్లీ కోర్టుకు వెళ్లాయి. 2022 ఆగస్టులో గానీ ఆ వివాదం తేలలేదు. తీర్పు టీచర్ల పక్షానే వచ్చింది. అయితే గ్రాట్యుటీకి ఐదేళ్ల వరస సర్వీసు చూపాలి. ఏటా ఏప్రిల్‌లో ఆగిపోయి జూన్‌లో కొత్తగా మొదలయ్యే ఉద్యోగానికి ఐదేళ్లు ఎప్పటికి నిండుతాయి?

కాగితం మీద రాష్ట్ర చట్టం అంత బలహీనంగా లేదు. ఉమ్మడి రాష్ట్రం నుంచి తెలంగాణకు సంక్రమించిన 1982 విద్యా చట్టంలోని 79వ సెక్షన్ ప్రకారం, ప్రైవేటు విద్యాసంస్థలో సిబ్బందిని తొలగించాలంటే విచారణ జరపాలి, అధికారి ముందస్తు ఆమోదం తీసుకోవాలి. 1994 జనవరి 1న వచ్చిన ఒకటో నంబరు జీవో ఇంకా ముందుకు వెళ్లింది. ఫీజుల ఆదాయంలో సగం సిబ్బంది జీతాలకు పోవాలని, యాజమాన్యం లాభంగా తీసుకోదగినది 5 శాతమేనని చెప్పింది. ఫీజుల మీద పోరాడే తల్లిదండ్రుల సంఘాలు ఈ జీవోను కంఠతా చెబుతాయి. ఇందులో సగం తమ జీతాలదన్న సంగతి తెలిసిన టీచర్లు మాత్రం తక్కువ. తెలిసినవాళ్లకైనా ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉన్నప్పుడు జీవో నంబరు ఎందుకు పనికొస్తుంది?

కరోనా కాలంలో ఇదంతా ఒక్కసారిగా బయటపడింది. బడులు మూతపడి జీతాలు ఆగిపోయాయి. టీచర్లు కూరగాయల బండ్లు పెట్టుకున్నారు, ఉపాధి పనులకు వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ సాయాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు, చాలా ఇళ్లలో అప్పుడు అదే ఆధారం. కానీ అది కరువు సాయం. పనిచేసిన మనిషికి యజమాని బాకీపడిన జీతం మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు.

ఒక తమాషా కూడా చెప్పుకోవాలి. రాజ్యాంగంలోని 171వ అధికరణ ప్రకారం శాసనమండలిలో పన్నెండో వంతు సభ్యులను టీచర్లు ఎన్నుకుంటారు. సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థలో నిర్ణీత కాలం పనిచేస్తే ప్రైవేటు టీచరుకూ ఆ ఓటు ఉంటుంది. కాబట్టి మహబూబ్‌నగర్, రంగారెడ్డి, హైదరాబాద్ ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఎమ్మెల్సీని గెలిపించే హక్కు ఉన్న మనిషికి, తన జీతం ఎగ్గొట్టిన యజమాని మీద లేబర్ కోర్టుకు వెళ్లే హక్కు లేదు. సర్కారు ప్రాథమిక బడిలో పనిచేసే సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ)కి ఈ రెండోది అవసరం లేదు, మొదటిది దక్కదు.

సర్వే తర్వాత సర్వే

సర్కారు బడిలో కథ వేరు. అక్కడ ఉద్యోగం గట్టిది, జీతం మెరుగు, సంఘం ఉంది. దెబ్బ పడేది బోధనకు మిగిలే సమయం మీద. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ మూడు పనులకే టీచర్లను బడి బయట వాడుకోనిస్తుంది: పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. 2024 నవంబరు 6న రాష్ట్రంలో మొదలైన ఇంటింటి కులగణన సర్వే ఈ మూడింటిలో దేని కిందికీ రాదు. అయినా 36,559 మంది ఎస్జీటీలను, 3,414 మంది ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులను అందులో దింపారు. ప్రాథమిక బడులు వారాల తరబడి ఒంటిపూట నడిచాయి. పొద్దున పాఠం, మధ్యాహ్నం సంచీ భుజాన వేసుకుని గల్లీలు తిరగడం. హైదరాబాదు అపార్టుమెంట్లలో ఎంతోమంది వాచ్‌మన్ కుర్చీ దగ్గరే ఆగిపోయి, మళ్లీ రమ్మంటే మళ్లీ వెళ్లారు. సర్వే అవసరమా కాదా అన్నది వేరే చర్చ. ఎవరి సమయంతో చేశారన్నదే ఇక్కడి ప్రశ్న.

ఇప్పుడు క్యాలెండరు తిప్పి చూడండి. అదే ఏడాది డిసెంబరు 4న దేశమంతటా పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ పేరుతో 3, 6, 9 తరగతుల పిల్లలకు అభ్యసన సర్వే జరిగింది. అంతకుముందు 2017లోనూ 2021లోనూ జాతీయ సాధన సర్వేగా జరిగినదానికి ఇది కొత్త రూపం. మూడో తరగతి పిల్లలకు నవంబరులో సగం రోజులు ఒంటిపూట బడి, డిసెంబరు మొదటి వారంలో జాతీయ పరీక్ష. ఆ తరువాతి జులైలో ఫలితాలు వచ్చినప్పుడు రాష్ట్రాల పట్టికలు అచ్చయ్యాయి. పట్టిక పక్కన ఆ నవంబరు ఊసు ఉండదు. పట్టికకు అంత స్థలం ఉండదు మరి.

ఈ సర్వేకు న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. అది నమూనా సర్వే. ఎంపిక చేసిన బడుల్లో కొందరు పిల్లలకే పెడతారు, వ్యవస్థ నాడి పట్టుకోవడం దాని పని. టీచరుకు మార్కు వేయడానికి దాన్ని రూపొందించలేదు. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక మెతుకు పట్టుకుని చూసినట్టు. సర్వేకు ముందు వారాల తరబడి నమూనా ప్రశ్నపత్రాలతో పిల్లల చేత వలయాలు నింపించి సాధన చేయిస్తే, ఆ ఒక్క మెతుకును విడిగా ఉడికించినట్టవుతుంది. కింది అధికారులు అలా ఎందుకు చేయిస్తారంటే, ర్యాంకు తగ్గితే పై అధికారి తమను అడుగుతారని. పైనుంచి కిందికి దిగేకొద్దీ సర్వే తన స్వభావం మార్చుకుంటుంది. ఢిల్లీలో అది సమాచారం, సైఫాబాద్ డైరెక్టరేట్ దగ్గర పోటీ, మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో లక్ష్యం, తరగతి గదిలో భయం.

తొలిమెట్టు దగ్గరా ఇలాంటిదే జరుగుతుంది. 2022 ఆగస్టులో మొదలైన ఈ కార్యక్రమం ఉద్దేశం గురించి తప్పు పట్టడానికి ఏమీ లేదు. చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు రాని పిల్లలను గుర్తించి అక్కడి నుంచి మొదలుపెట్టమన్నారు. ఐదు రోజులు బోధన, ఆరో రోజు మదింపు. 52లోంచి 37 తీసిన పిల్లవాడికి కావలసింది సరిగ్గా ఇదే. కానీ మదింపు వివరాలు పిల్లవారీగా, సామర్థ్యంవారీగా రికార్డుల్లో, ఫోనులో ఎక్కించాలి. ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లున్న బడిలో, అందులో ఒకరు డిప్యుటేషన్ మీద ఉన్న చోట, ఆరో రోజు ఎవరి కోసం పనిచేస్తున్నట్టు? 2025 ఆగస్టు నుంచి టీచర్ల హాజరు కూడా ముఖ గుర్తింపు యాప్‌లోకి వెళ్లింది. పొద్దున్నే ఫోనుకు ముఖం చూపించి, సిగ్నల్ కోసం ఆవరణలో నాలుగడుగులు అటూ ఇటూ వేసి, తర్వాత పిల్లల హాజరు, ఆ తర్వాత భోజనాల సంఖ్య. బడికి ఎగ్గొట్టే టీచర్లు ఉన్నారు కాబట్టే ఈ యాప్ వచ్చింది, అందులో దాపరికం లేదు. కానీ మనిషి వచ్చాడా లేదా అని అడిగే యంత్రం ఉన్న చోట, వచ్చిన మనిషికి ఎన్ని తరగతులు అప్పగించారని అడిగే యంత్రం లేదు.

ఫలితానికి వెల

పరీక్ష ఫలితాన్ని టీచరు డబ్బుతో ముడిపెట్టడం కొత్త ఆలోచన అనుకుంటే పొరపాటు. 1862లో ఇంగ్లండులో ఫలితాన్ని బట్టి గ్రాంటు అనే నిబంధన పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షిస్తాడు. తప్పిన పిల్లల మేరకు బడికి వచ్చే సొమ్ము తగ్గుతుంది. మూడు దశాబ్దాలకు పైగా నడిపి, పిల్లలు పుస్తకాన్ని వల్లెవేయడం తప్ప మరేమీ నేర్చుకోవడం లేదని దాన్ని వదిలేశారు. ఈలోగా అదే పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీకి దిగుమతి అయింది. తెలుగు జిల్లాల వీధి బడి పంతుళ్లకూ ఫలితాల గ్రాంట్లు వచ్చాయి. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజుకు వాచకం మొత్తం బట్టీ పట్టించడం ఆనాటి నుంచీ ఉన్న విద్యే. ఈనాటి బిట్ పేపరు దానికి మనవరాలు.

అయితే ఎదుటివారి వాదనలో బలమైన సాక్ష్యం కూడా మన దగ్గరే ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాన్ని నడిపారు. తన పిల్లల సగటు మార్కులు 5 శాతం దాటి ఎంత పెరిగితే, ఒక్కో శాతానికి 500 రూపాయల చొప్పున టీచరుకు ప్రోత్సాహకం. రెండేళ్ల తర్వాత ఆ బడుల పిల్లలు మిగతా బడుల కంటే గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర ముందున్నారు. ప్రోత్సాహకం లేని విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రాల్లోనూ మెరుగయ్యారు. బట్టీ ప్రశ్నలకే కాక అర్థం చేసుకుంటే తప్ప రాయలేని ప్రశ్నలకూ జవాబులు రాశారు. సంఘాలకు ఇష్టం ఉన్నా లేకపోయినా ఇది గట్టి ఫలితం.

కానీ ఆ ప్రయోగంలో ఏమేమి ఉన్నాయో, ఏమి లేదో కూడా చూడాలి. పరీక్ష పెట్టింది, దిద్దింది బయటి సంస్థ. బోనస్ సగటున ఏడాది జీతంలో 3 శాతం. తగ్గితే కోత లేదు, నోటీసు లేదు, బదిలీ లేదు. టీచరు ఉద్యోగం మొదటి రోజు ఎంత గట్టిగా ఉందో చివరి రోజూ అంతే గట్టిగా ఉంది. అంటే, పోగొట్టుకునేది ఏమీ లేని చోట పరీక్ష టీచరును ఉత్సాహపరిచింది. దీన్ని చూపించి ఫలితాలు రాకపోతే ఉద్యోగం తీసేయమనడం, పండక్కి కొత్త చొక్కా కొనిస్తే పిల్లవాడు సంతోషించాడు కాబట్టి చొక్కా విప్పేస్తే బుద్ధి వస్తుందన్నట్టు ఉంటుంది.

అదే మురళీధరన్ బృందం ఉమ్మడి రాష్ట్రంలో చేసిన మరో అధ్యయనం ప్రైవేటు బడుల గురించి. అక్కడి టీచర్ల జీతాలు సర్కారు టీచరు జీతంలో ఆరో వంతు కన్నా తక్కువ. పిల్లల తెలుగు, గణితం మార్కుల్లో తేడా లేదు, హిందీలో ప్రైవేటు పిల్లలు మెరుగు. తక్కువ ఖర్చుతో అంతే ఫలితం అని దీన్ని చదవడం ఒక పద్ధతి. హైదరాబాదు పాతబస్తీలోని చిన్న చిన్న ప్రైవేటు బడులను చూసి ముచ్చటపడి ప్రపంచానికి చాటిన విదేశీ పండితులు ఇలాగే చదివారు. ఆ ఆరో వంతు జీతం తీసుకుంటున్నది ఎవరని అడగడం ఇంకో పద్ధతి. ఎక్కువగా పెళ్లికి ముందు రెండు మూడేళ్లు పనిచేసే అమ్మాయిలు, పిల్లల ఫీజు రాయితీ కోసం అదే బడిలో చేరిన తల్లులు. వాళ్ల దగ్గర బేరమాడే శక్తి లేకపోవడాన్ని లెక్కల్లో సామర్థ్యం అంటారు.

పరీక్షకు శిక్ష జోడిస్తే ఏమవుతుందో చూడాలంటే అమెరికా వెళ్లాలి. అక్కడ 2002లో అమల్లోకి వచ్చిన చట్టం బడులన్నిటినీ ఏటా పరీక్షల మార్కులతో తూచింది, తప్పిన బడులను మూసివేత దాకా తీసుకెళ్లింది. అట్లాంటా నగరంలో టీచర్లు, ప్రధానోపాధ్యాయులు పిల్లల జవాబు పత్రాల్లో తప్పులు చెరిపి దిద్దారని 2011లో రాష్ట్ర దర్యాప్తు తేల్చింది. 44 బడులు, 178 మంది పేర్లు. 2015లో 11 మంది దోషులుగా తేలారు. ఒక సంఖ్యకు ఎంత బరువు తగిలిస్తే ఆ సంఖ్య అంతగా చెడిపోతుందని 1970ల్లోనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డోనాల్డ్ క్యాంప్‌బెల్ హెచ్చరించాడు. 2014లో అమెరికన్ గణాంకవేత్తల సంఘం ఇంకో కోణంలో చెప్పింది: పిల్లల మార్కుల మధ్య తేడాలో టీచరుకు అంటగట్టగలిగింది 1 నుంచి 14 శాతం దాకానే. మిగతాదంతా ఇల్లు, వీధి, ఆకలి, వెనకటి తరగతులు. నిరుడు ఎవరు చెప్పారో, అసలు చెప్పారో లేదో కూడా అందులో భాగమే.

అయితే అమెరికా నుంచి నేర్చుకోవలసింది ఈ గణాంకాల కన్నా ఇంకొకటి ఉంది. 2012 సెప్టెంబరులో షికాగోలో సుమారు 26 వేల మంది టీచర్లు ఏడు బడి రోజుల పాటు సమ్మె చేశారు. మార్కులతో టీచరును తూచడం వాళ్ల అభ్యంతరాల్లో ముఖ్యమైనది. చివరికి ఆ వాటాను చట్టం కోరిన కనీస స్థాయికి దించగలిగారు. మరుసటి ఏడాది సియాటెల్‌లోని గార్ఫీల్డ్ హైస్కూలు టీచర్లు ఒక ప్రామాణిక పరీక్షను తమ పిల్లలకు పెట్టబోమని మొండికేశారు. ఎవరి మీదా చర్య లేదు, ఆ జిల్లా హైస్కూళ్లలో ఆ పరీక్ష ఐచ్ఛికమైంది. పరీక్ష బాగాలేదని చెప్పడానికి వాళ్లకున్న ధైర్యం వట్టి ఆదర్శం నుంచి రాలేదు, సంఘం యాజమాన్యంతో చేసుకున్న సమష్టి ఒప్పందం నుంచి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో వారానికి మూడు పరీక్షలు పెట్టే బడిలో ఒక టీచరు, ఆరో తరగతి పిల్లకు ఐఐటీ ఫౌండేషన్ ప్రశ్నలు దండగని అనుకున్నా ఎవరితో అనాలి?

పంతుళ్లకు పరీక్ష

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో పరీక్ష టీచర్ల వైపు తిరిగింది. సర్వీసులో ఉన్నవాళ్లు కూడా ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) పాసవాలి. పదవీ విరమణకు ఐదేళ్లకు పైగా ఉంటే రెండేళ్ల గడువు. ఐదేళ్లలోపు ఉంటే ఉద్యోగం ఉంటుంది, పదోన్నతి ఉండదు. మైనారిటీ సంస్థల సంగతి విస్తృత ధర్మాసనానికి వెళ్లింది. టెట్‌ను తప్పనిసరి చేసిన 2010 ఆగస్టు 23 నాటి నోటిఫికేషన్‌కు ముందు డీఎస్సీ రాసి చేరినవాళ్లు తమకు మినహాయింపు ఉందని ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నారు. ఇప్పుడు ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న స్కూల్ అసిస్టెంటు, తన దగ్గర చదువుకుని బీఎడ్ చేసిన కుర్రాడి పక్కన కూర్చుని రెండున్నర గంటల్లో 150 బిట్లు చేయాలి. రెండో పేపరులో గణితం, విజ్ఞానశాస్త్రం కలిపి ఉంటాయి. రెండు దశాబ్దాలు జీవశాస్త్రం చెప్పినామె గణితమూ చేయాలి.

బహుళైచ్ఛిక ప్రశ్నలు తమ అనుభవాన్ని కొలవలేవని టీచర్లు అంటున్నారు. ఆ మాట నిజం. అదే మాట వాళ్ల ముందు కూర్చున్న పిల్లల విషయంలోనూ నిజమే కదా అన్నది మాత్రం సంఘాల కరపత్రాల్లో కనిపించదు. ఇంకొక మౌనం కూడా ఉంది. విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ అర్హతలు ప్రైవేటు బడికీ వర్తిస్తాయి. టెట్ లేనివారిని చవకగా తీసుకుని, ఆ లోపాన్నే వాళ్ల మెడ మీద కత్తిగా వాడుకునే యాజమాన్యాల గురించి సర్కారు టీచర్ల సంఘాలు ఎన్నిసార్లు మాట్లాడాయి? సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ఆ ఉద్యోగం వదిలి కార్మిక సంఘాల్లోకి వెళ్లిన నగరం ఇది. ఆయన వెళ్లింది తన జీతం కోసం కాదు. ఇప్పటి సంఘాలు పీఆర్సీ, బదిలీలు, ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించిన 317 జీవో బాధితుల సమస్యల్లో తలమునకలుగా ఉన్నాయి. అవన్నీ నిజమైన సమస్యలే. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఒప్పంద ఉద్యోగులు వారాల తరబడి సమ్మెలో ఉన్నప్పుడు కస్తూర్బా విద్యాలయాల్లో పాఠాలు ఆగిపోయాయి. రెగ్యులర్ టీచర్ల సంఘాల మద్దతు ఎక్కువగా ప్రకటనల దాకానే వచ్చింది.

టీచరును మదింపు చేయకూడదని ఎవరూ అనలేరు. 1966లో అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ), యునెస్కో కలిసి టీచర్ల హోదా గురించి చేసిన సిఫారసు, ప్రతిభను బట్టి జీతం కట్టే పద్ధతి ఏదైనా టీచర్ల సంఘాలతో ముందు మాట్లాడి, వాళ్లు ఒప్పుకున్నాకే పెట్టాలంటుంది. అక్టోబరు 5న ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకునేది ఆ సిఫారసు పేరుమీదే. తరగతిలో వెనక బెంచీలో కూర్చుని రెండు పీరియడ్లు చూసి, నోటుబుక్కులు తిరగేసి, టీచరుతో అరగంట మాట్లాడే పర్యవేక్షకుడు ఒకప్పుడు ఉండేవాడు. మండల విద్యాధికారి పోస్టులను ఏళ్ల తరబడి ఇన్‌ఛార్జిలతో నడిపి ఆ మనిషిని మనమే లేకుండా చేసుకున్నాం. ఆ ఖాళీలో ఓఎంఆర్ వచ్చి కూర్చుంది. పల్లెలో సీనియర్ హెచ్‌ఎంకు అప్పగించిన మూడు మండలాల బాధ్యతను ఏ యాప్ భర్తీ చేస్తుంది?

ప్రైవేటు బడిలో మొదట కావలసింది ఇంతకన్నా చిన్నది: నియామక పత్రం, పన్నెండు నెలల జీతం, వెనక్కి ఇచ్చిన సర్టిఫికెట్లు. ఆ మూడూ చేతిలో ఉన్న టీచరు 20కి 13 వేయగలదు. 25 రాసిన పిల్లవాడికి వచ్చే శనివారం పరీక్ష ఉన్నా సరే, ఒక పీరియడు పుల్లల కట్టలతో గడపగలదు.

ఏప్రిల్ 23 ఆఖరి పనిదినం. ఆరోజు మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఫలితాల విశ్లేషణ ఉంటుంది, సబ్జెక్టువారీగా, సెక్షన్‌వారీగా రంగులు వేసిన పట్టిక తెర మీద వస్తుంది. జూన్ 12కు ఎవరు రావాలో ఆ సమావేశంలో చెప్పరు. మే నెలలో ఎండలో ప్రవేశాల కరపత్రాలు పట్టుకుని కాలనీలు తిరగడానికి మాత్రం అందరినీ రమ్మంటారు. ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్‌లో టీచర్ల హక్కుల సభలు సెలవు రోజుల్లో, ఎక్కువగా ఆదివారాలే జరుగుతాయి. ఈ టీచర్లలో చాలామందికి ఆదివారం వారాంతపు పరీక్ష ఇన్విజిలేషన్ ఉంటుంది.